“వాళ్లదీ ఏడే, మాదీ ఏడే”: గోండుల చుట్టరికాల లెక్క, నాగోబా జాతర

ఆదిలాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్ ఒక గోండు కుర్రాడు, మెస్రం వంశం. పక్క కాలేజీలో ఒకమ్మాయితో వాడు బాగా మాట్లాడేవాడు, ఇద్దరూ గోండులే, ఇంటిపేర్లు వేరు, ఊళ్లు వేరు, ఇంక అడ్డేముంది పెద్దవాళ్లకి చెప్తే అయిపోతుంది కదా అని ఒకరోజు నేనే కదిపాను. వాడు నా మొహం వంక అదోలా చూసి “అట్లనకు రా, ఆమె నాకు చెల్లె అయితది” అన్నాడు. చెల్లెలెట్లా అవుతుంది, మీ చిన్నాయన బిడ్డనా అంటే కాదు. మేనత్త వైపా అంటే అసలే కాదు. మరెట్లా? “వాళ్లదీ ఏడే, మాదీ ఏడే” అన్నాడు. అక్కడితో ఆపేశాడు, అందులో ఇంకా విడమర్చి చెప్పడానికి ఏముంది అన్నట్టు.

ఆ ఏడు సంగతి నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. అర్థమయ్యాక మాత్రం గోండుల పండగలు, పూజలు, ఆటలు అన్నీ వేరేగా కనబడటం మొదలైంది.

దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్లు 10 కోట్ల 43 లక్షల మంది, అధికారిక లిస్టులో 700 పైన తెగలు. ఇంతమందిని కలిపి “గిరిజన సంస్కృతి” అని ఒకే మాట అనేసి, నెమలి ఈకల టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఫోటో వేసేసి సరిపెట్టేస్తాం. అందుకే నేను 700 తెగల గురించి చెప్పను, నాకు కొంచెం దగ్గరగా తెలిసిన ఒక్క తెగ గురించి, అందులోనూ ఒక్క జాతర చుట్టూ చెప్తాను.

ముందు ఆ అంకెల సంగతి. గోండుల్లో ప్రతి మనిషికీ ఒక ఇంటిపేరు ఉంటుంది: మెస్రం, ఆత్రం, కుమ్రం, కనక, తొడసం, పెందోర్, సిడాం ఇలా. ఈ ఇంటిపేర్లన్నీ నాలుగు పెద్ద గుంపుల్లో ఏదో ఒకదాంట్లోకి వస్తాయి. ఆ గుంపుని సగా అంటారు. నాల్వెన్ సగా అంటే నలుగురు అన్నదమ్ముల సంతానం, సీవెన్ అంటే ఐదుగురు, సర్వెన్ అంటే ఆరుగురు, యేర్వెన్ అంటే ఏడుగురు. మెస్రం వాళ్లు యేర్వెన్, అంటే ఏడు. ఒకే సగాలో ఉన్న వాళ్లంతా, ఇంటిపేరు ఏదైనా, ఒకరికొకరు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల లెక్క. పెళ్లి చేసుకోవాలంటే వేరే సగాకి పోవాల్సిందే. మా రూమ్మేట్‌కి ఆ అమ్మాయి చెల్లి అయింది ఇట్లా.

ఈ నాలుగు గుంపులు ఎట్లా వచ్చాయి అన్నదానికి వాళ్ల పురాణం ఉంది. తొలి గోండులు ఒక గుహలో బందీలైపోయారట, జంగుబాయి అనే దేవత వాళ్లని తల్లిలా చూసుకుంది, పహండి కుపార్ లింగల్ అనే ఆదిగురువు వాళ్లని విడిపించి బయటికి తెచ్చి, గుంపులుగా విడగొట్టి, ఎవరు ఎవరిని చేసుకోవాలో ఏ దేవుణ్ని ఎట్లా కొలవాలో నేర్పాడు. చెప్పే వాళ్లని బట్టి, ప్రాంతాన్ని బట్టి కథలో మలుపులు మారతాయి గానీ మూలం ఇదే. ఆ జంగుబాయికి ఇప్పటికీ కెరమెరి మండలంలో, మహారాష్ట్ర సరిహద్దు గుట్టల్లో గుహ గుడి ఉంది, పుష్యమాసంలో అక్కడ జాతర చేస్తారు.

“మన గోత్రం లాంటిదే కదా” అని చాలామంది అంటారు, నేనూ మొదట అట్లాగే అనుకున్నా. కొంతవరకు అంతే. కానీ మనకి గోత్రం గుర్తొచ్చేది పెళ్లి సంబంధం చూసేటప్పుడు, గుళ్లో అర్చన చేయించేటప్పుడు, మిగతా ఏడాదంతా దాంతో పని లేదు. వాళ్లకి అట్లా కాదు. ఏ దేవుడి దగ్గర కూర్చోవాలి, ఎవరి చావుకి ఏ పని చేయాలి, పూజలో నీళ్లు ఎవరు తేవాలి, ఏ ఊరికి దండారి (దీపావళి ముందు ఆడే ఆట) బృందం కట్టి పోవచ్చు, అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. కొన్ని పనులు అన్నదమ్ములే చేయాలి, కొన్ని పనులు వియ్యాలవారి వైపు వాళ్లే చేయాలి, అన్నదమ్ములు ముట్టుకోకూడదు. అంటే ఏ వంశమూ ఒంటరిగా తన దేవుణ్ని కొలుచుకోలేదు, అల్లుడు లేకపోతే పూజ ఆగిపోతుంది.

ఇది చదువుతుంటే లెక్కల పాఠంలా ఉంటుంది, చూస్తేనే తెలుస్తుంది. అందుకే కేస్లాపూర్ గురించి చెప్పాలి.

కేస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో చిన్న ఊరు. ఏటా పుష్య అమావాస్య రాత్రి అక్కడ నాగోబాకి మహాపూజ. నాగోబా నాగదేవత, మెస్రం వంశం కొలిచే పెర్సపెన్. గోండిలో పెన్ అంటే దేవుడు, పెర్సపెన్ అంటే పెద్దదేవుడు. లక్షల మంది వస్తారు, టీవీల్లో చూపిస్తారు, మంత్రులు వస్తారు, కానీ చాలామందికి తెలియంది ఏంటంటే అసలు ఇది ఒక్క వంశం తన ఇంటి దేవుడికి చేసుకునే పూజ. మిగతా వంశాల గోండులు, కొలాములు అనే ఇంకో తెగ వాళ్లు, మహారాష్ట్ర నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ వచ్చే వాళ్లు, మనలాంటి వాళ్లు, అందరం అతిథులమే.

పూజ అమావాస్య రోజు మొదలవ్వదు. చాలా ముందే కచ్చురం అనే చిన్న ఎడ్లబండి మీద పెద్దలు ఊరూరా తిరిగి మెస్రం వాళ్లకి కబురు చెప్తారు. సిరికొండలో కుమ్మరి వాళ్లకి కుండలు చేయమని చెప్తారు. ఆ తర్వాత మెస్రం మగవాళ్లు తెల్ల బట్టలు కట్టి, చెప్పుల్లేకుండా, ఝరి అనే పాత్ర తీసుకుని గోదావరి దాకా నడుస్తారు. జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు అనే చోట గంగనీళ్లు నింపుకుని మళ్లీ నడిచే వెనక్కి వస్తారు. పోయేటప్పుడు మధ్యలో ఏ ఊళ్లో ఆగాలో ఏ ఊళ్లో తినాలో అంతా ముందే ఉంటుంది, అడ్డదారి ఉంది కదా అని పోరు. బస్సెక్కితే పూటలో వచ్చేసే దూరానికి రోజుల తరబడి నడక. ఎందుకు ఇంత కష్టం అని మా వాడిని అడిగితే, ఆ దారిలో ప్రతి మకాం దగ్గరా ఒక చుట్టమో ఒక పాత బాకీయో ఉంటుంది, బండెక్కితే ఆ ఊళ్లని పలకరించినట్టు ఎట్లయితది అన్నాడు.

తిరిగొచ్చాక ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతారు. అక్కడ తూమ్ అనే పూజ చేస్తారు, గడిచిన ఏడాదిలో వంశంలో చనిపోయిన వాళ్ల పేరు మీద. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అమావాస్య నాడు మెస్రం ఆడపడుచులు కోనేటి నుంచి కొత్త కుండల్లో నీళ్లు తెస్తారు, వాళ్లూ వాళ్ల భర్తలూ కలిసి మట్టి కలిపి పుట్ట చేస్తారు. చూశారా, పుట్ట చేయాల్సింది మెస్రం కొడుకులు కాదు, బయటికి పెళ్లి చేసి పంపిన కూతుళ్లు, వేరే సగా నుంచి వచ్చిన అల్లుళ్లు. నైవేద్యం వండే చోటుని గోవాడ్ అంటారు, అక్కడ పొయ్యిలు 22. ఎవరికి తోచినచోట వాళ్లు రాళ్లు పెట్టుకుని వండటం కుదరదు, వంశంలో ఏ పాయ (శాఖ) వాళ్లు ఏ పొయ్యి మీద వండాలో లెక్క ఉంటుంది.

మహాపూజ అయ్యాక అదే రాత్రి భేటింగ్. నాకు మొత్తం జాతరలో మనసులో నిలిచిపోయింది ఇదే. గడిచిన ఏడాదిలోనో, ఏదో కారణంగా కుదరక అంతకు ముందో పెళ్లయి మెస్రం ఇళ్లకి వచ్చిన కోడళ్లంతా తెల్లచీరలు కట్టుకుని, మొహం కనబడకుండా ముసుగు కిందికి లాక్కుని, చేతుల్లో వెదురు బుట్టలతో ఒకరి వెనక ఒకరు వస్తారు. పుష్యమాసం చలి, నేల మీద మంచు పడి తడిగా ఉంటుంది, అందరివీ ఉత్త కాళ్లే. పెద్దావిడ ఒకామె ముందు నడుస్తుంటే ఆమె మడమలు చూసుకుంటూ వీళ్లు నడుస్తున్నారు, ముసుగులోంచి అంతకు మించి కనబడదు మరి. గుళ్లో నాగోబాకి పరిచయం, తర్వాత వంశం పెద్దల పాదాలకి మొక్కడం. అంతవరకు ఆ అమ్మాయి ఆ ఇంట్లో వండుతుంది, పొలానికి పోతుంది, పిల్లల్ని కూడా కనొచ్చు, కానీ వంశం పూజలో మాత్రం కలవదు. భేటింగ్ అయితేనే మెస్రం.

మా రూమ్మేట్ భార్యకి పెళ్లయిన మొదటేడు కుదరలేదు, జాతర టైమ్‌కి నెలలు నిండి ఉంది. మరుసటేడు నేను వెళ్లినప్పుడు ఆ తెల్లచీరల వరసలో తనూ ఉంది, ఎవరో నేను గుర్తుపట్టలేను, పట్టకూడదు కూడా. తెల్లారి బండి దగ్గర మా వాడి అమ్మ నాకు చాయ్ ఇస్తూ “ఇగ మా ఇంటి మనిషైంది బిడ్డా” అంది. అదేంటమ్మా ఇంతకు ముందు కాదా అంటే, “నాకు అయింది. దేవునికి కాలే” అంది.

ఇప్పుడు తూమ్ దగ్గరికి వద్దాం. మర్రిచెట్టు కింద పోయిన వాళ్లని సాగనంపారు, అమావాస్య రాత్రి వచ్చిన వాళ్లని కలుపుకున్నారు. ఏడాదికోసారి వంశం తన లెక్క తాను సరిచూసుకుంటోంది అన్నమాట, ఎవరు వెళ్లారు ఎవరు వచ్చారు అని. జాతర అంటే తిరునాళ్ల అనుకుని రంగులరాట్నం ఎక్కి జిలేబీ తిని వచ్చేసిన వాళ్లకి ఈ రెండు ముక్కలు అస్సలు కనబడవు, నాకూ మొదటిసారి కనబడలేదు.

దండారి కూడా ఇట్లాగే. ఆశ్వయుజ పౌర్ణమి తర్వాత మొదలై దీపావళి దాకా సాగే ఈ పండగలో గుస్సాడీలు ఆడతారు. నెమలి ఈకల పెద్ద టోపీ, ఒంటికి బూడిద, భుజాన మేకతోలు, మెడలో పూసలు, చేతిలో కర్ర. ఆ వేషం కట్టినన్నాళ్లు స్నానం చేయరు, ఆ మనిషి మీద దేవుడు ఉన్నాడని నమ్మకం, అందుకే ముసలివాళ్లు కూడా గుస్సాడీ కాళ్లకి మొక్కుతారు. మార్లవాయికి చెందిన కనక రాజుకి గుస్సాడీ నేర్పినందుకే పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన చనిపోయారు. ఆట గురించి ఇదంతా అందరూ రాస్తారు. రాయనిది ఏంటంటే ఒక ఊరి దండారి బృందం ఇంకో ఊరికి వెళ్తే ఊరంతా వాళ్లకి అన్నం పెట్టాలి, రాత్రికి ఉంచుకోవాలి, ఆ మర్యాదని మరోసారి తిరిగి తీర్చాలి, అట్లా రెండు ఊళ్ల మధ్య రాకపోకలు కుదిరి సంబంధాలు కలుస్తాయి. స్టేజీ మీద పది నిమిషాలు ఆడించి శాలువా కప్పి పంపిస్తే అందులో అన్నం పెట్టే ఊరు లేదు, మర్యాద తీర్చుకునే ఊరు లేదు. అలాంటి ప్రోగ్రాంలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఆడేవాళ్లకి డబ్బులు రావాలి నిజమే, కానీ దాన్ని దండారి అనకుండా ఉంటే బాగుండు.

ఇంకో చిక్కుముడి ఉంది. గోండుల సంస్కృతి గోండుల చేతిలోనే ఉంటుంది అనుకుంటాం కదా, కాదు. వంశాల కథలు, దేవుళ్ల పుట్టుక, ఎవరిది ఏ సగా ఎందుకు, ఇదంతా నోటికి పాడి వినిపించేది పర్ధాన్లు అనే వేరే తెగ వాళ్లు. కిక్రి అనే తీగల వాద్యం వాయిస్తూ రాత్రంతా పాడతారు. ఒక్కో పర్ధాన్ కుటుంబం కొన్ని గోండు కుటుంబాలకి కట్టుబడి ఉంటుంది, తరతరాలుగా. ఆదిలాబాద్ పర్ధాన్ల ఇంటి భాష మరాఠీ! గోండుల జ్ఞాపకం మరాఠీ మాట్లాడే ఇళ్లలో దాచి ఉంది. తోటీలు అని ఇంకో చిన్న తెగ, వాళ్లూ కథలు పాడేవాళ్లే, సంఖ్య చాలా తక్కువ, తెలంగాణలో బాగా వెనకబడిన ఆదిమ తెగల జాబితాలో ఉన్నారు. ఇక కొన్ని స్థానిక దేవుళ్ల పూజలకి గోండులు కొలాములని పూజారులుగా పిలుస్తారు, ఆ అడవుల్లో దేవుళ్లకి కొలాములు ఇంకా దగ్గరివాళ్లని నమ్మకం. కొలాముల భాష కొలామి, గోండి కాదు. నాగోబా కుండలు చేసేది సిరికొండ కుమ్మరులు. ఇన్ని చేతులు పడితే గానీ ఒక పూజ అవ్వదు. అడవిలో ఎవరితో కలవకుండా విడిగా బతికే జనం అని మనం పుస్తకాల్లో చదువుకున్న బొమ్మకి, కేస్లాపూర్‌లో కనబడే దానికి ఎక్కడా పొంతన లేదు.

సరే, వీళ్లు హిందువులా కాదా? ఈ ప్రశ్న వచ్చిన ప్రతిచోటా గొడవే. నాగోబాకి మొక్కేవాళ్లలో తమని హిందువులుగా రాయించుకునే వాళ్లున్నారు, లేదు మాది గోండి ధర్మం, కోయ పునెం అని జనాభా లెక్కల్లో విడిగా రాయించుకునే వాళ్లూ ఉన్నారు, ఒకే ఇంట్లో రెండు రకాల వాళ్లూ ఉంటారు. నేను బయటివాడిని, తీర్పు చెప్పే పని నాది కాదు. చట్టం ఏమంటుందో చెప్పగలను: 1955 హిందూ వివాహ చట్టం, 1956 హిందూ వారసత్వ చట్టం రెండూ, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకి వర్తించవని ఆ చట్టాల్లోనే సెక్షన్ 2(2)లో ఉంది. కాబట్టి పెళ్లి, విడాకులు, ఆస్తి విషయాల్లో వాళ్ల ఆచారమే చట్టం. గొడవలొస్తే రాయి సెంటర్‌లో, అంటే వాళ్ల పంచాయితీలో, సార్‌మేడి (దాని పెద్ద), మిగతా పెద్దలు కూర్చుని తెంపుతారు. కోర్టు ఖర్చు లేకుండా, తమ భాషలో, నలుగురి ముందు తేలిపోతుంది, ఇది చిన్న విషయం కాదు.

కానీ ఆచారమే చట్టం అయినప్పుడు ఆడపిల్లకి భూమిలో వాటా సంగతేంటి? ఇది దాచకూడదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌కి చెందిన ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకి వాటా ఇవ్వకూడదని ఆచారం ఉన్నట్టు రుజువు చేయలేనప్పుడు వాటా ఇవ్వాల్సిందే అని చెప్పింది. పుట్ట కట్టడానికి కూతురు లేకుండా కుదరని చోట, భూమి పంచేటప్పుడు కూతురు లేకపోయినా కుదురుతుంది అంటే నాకైతే సమాధానం లేదు, ఆ మాట గోండు చదువుకున్న ఆడపిల్లలే ఇప్పుడు అడుగుతున్నారు, వాళ్లు అడగడమే సరైంది.

జాతరలో ఆఫీసర్లు అర్జీలు వినే దర్బార్ ఎందుకుంటుంది అన్నది ఇంకో కథ. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసులతో పోరాడి ప్రాణాలిచ్చాడు, జల్ జంగల్ జమీన్ అన్న మాట అక్కడిదే. అడవి రిజర్వు చేసి, పోడు కాల్చి, పశువుల మీద పన్నులేసి గోండుల్ని తరిమిన పాపం అది. ఆ తర్వాత నిజాం సర్కారు అసలు ఈ గుట్టల్లో ఏం జరుగుతోందో చూడమని హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తని పంపింది. ఆయన, భార్య బెట్టి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు, గోండి నేర్చుకున్నారు, పిల్లలకి గోండిలో చదువు చెప్పే టీచర్లకి ట్రైనింగ్ పెట్టించారు. గోండులు ఆఫీసులకి పోయి నిలబడే పరిస్థితి లేదు కాబట్టి ఆఫీసర్లే జాతరకి వచ్చి కింద కూర్చుని అర్జీలు వినాలి అన్న ఆలోచనతో 1940ల్లో దర్బార్ మొదలైంది. బెట్టి 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు, ఆయన అస్థికలు కూడా తర్వాత అక్కడికే చేరాయి. ఆ ఊళ్లో ఇప్పటికీ ఏటా వాళ్ల వర్ధంతి చేస్తారు.

అదే ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది చనిపోయారని, ఊళ్లలో చెప్పే లెక్క అంతకు చాలా ఎక్కువ. కేస్లాపూర్ పోవాలంటే ఆ చనిపోయినవాళ్ల స్తూపం ఉన్న ఇంద్రవెల్లి మీదుగానే పోవాలి. దర్బార్‌లో ఇప్పుడు వేదికలు ఎత్తయ్యాయి, కుర్చీలు పెరిగాయి, అర్జీలు మాత్రం చాలావరకు అవే: పట్టా, రోడ్డు, నీళ్లు. గుడి సంగతి మాత్రం ఎవరి కోసం ఆగలేదు. మెస్రం వాళ్లు ఇంటింటికీ చందా వేసుకుని సుమారు 5 కోట్లతో సొంతంగా రాతిగుడి కట్టుకుని 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్నారు.

ఆఖరుగా భాష. గోండి తెలుగుకి దూరం అనుకుంటాం, నిజానికి భాషా శాస్త్రంలో గోండి, తెలుగు ఒకే దక్షిణ మధ్య ద్రావిడ శాఖ, అంటే తమిళం కన్నా గోండే మనకి దగ్గర చుట్టం. కన్ను వాళ్లకి కన్, నాలుగు వాళ్లకి నాలుంగ్, మనం ఏరు అంటే వాగు, వాళ్లకి ఏర్ అంటే నీళ్లు. 2011 లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు, అయినా రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా, ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. లిపి లేదు అనేవాళ్లు, నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు బయటపడ్డాక ఆ మాటా పోయింది, గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. కానీ బడిలో చెప్పేది తెలుగు, ఇంగ్లీషు. మా రూమ్మేట్ బిడ్డ ఇప్పుడు మూడో తరగతి, ఫోన్లో నాతో తెలుగే మాట్లాడుతుంది, గోండిలో ఏమొచ్చమ్మా అంటే నాయనమ్మ నేర్పిన అంకెలు చెప్పింది, ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్, యేడుంగ్ దాకా టకటకా చెప్పి ఆపేసింది. తర్వాత అంటే, “చాలు, మనది యేడుంగే కదా” అంది.